విశ్వాసముంటే డయాలసిస్ ఎందుకు అంటున్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

మధురవాడ అమ్మాయి

అందరికీ వందనాలండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గాని ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పొద్దున్న షిఫ్టుకి తీసుకెళ్తే నాలుగు గంటలు మిషన్ మీద ఉంటుంది. ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక కూడా ఉండదు. మేం తాతల కాలం నుంచి క్రైస్తవులం. జ్వరమొచ్చినా ఆదివారం ఆరాధన మానే మనిషి కాదు అమ్మ.

పోయిన వారం మా వీధిలో గృహ ప్రార్థన కూటానికి వచ్చిన ఒకాయన అమ్మ తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. తర్వాత, "నువ్వు స్వస్థత పొందావమ్మా. ఇక మిషన్ అక్కర్లేదు. కళ్లకి కనబడకపోయినా నమ్మాలి, అదే విశ్వాసం. ఇంకా మిషన్ దగ్గరికి వెళ్తున్నావంటే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నారు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం మొదటి వచనం చదివి వినిపించారు. "విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది." కూర్చున్నవాళ్లంతా ఆమేన్ అన్నారు.

అప్పటి నుంచి అమ్మ ఒకటే ఆలోచన. నిన్న రాత్రి "ఈ ఒక్కసారికి మానేసి చూద్దామేటే" అంది. నాకు టెన్షన్‌తో కంటి మీద కునుకు లేదు. వద్దంటే నాకు విశ్వాసం లేనట్టా? ఆయన చదివిన మాట బైబిల్లో ఉన్నదే కదా. చూడకుండా నమ్మడమంటే నిజంగా ఇదేనా?

షిఫ్ట్ సిస్టర్

చెల్లీ, వచనాల సంగతి పెద్దలు చెబుతారు. ముందు నా మాట విను. ఒక్క సెషన్ కూడా మానొద్దు.

నేను డయాలసిస్ యూనిట్లో స్టాఫ్ నర్సుని. మానేసిన మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. అదే ప్రమాదం. "చూశారా, ఏమీ కాలేదు" అనిపిస్తుంది. లోపల మాత్రం పొటాషియం పెరుగుతూ ఉంటుంది. అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ సూచనా ఉండదు. ఒంట్లో నీరు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం మొదలవుతుంది. అర్ధరాత్రి అంబులెన్సులో రొప్పుతూ వచ్చినవాళ్లను చూశాను.

నేనూ విశ్వాసినే. మిషన్ ఆన్ చేసే ముందు ఆ పేషెంటు పేరు పెట్టి మనసులో ప్రార్థన చేస్తాను. ఆ తర్వాతే ఆన్ చేస్తాను. ఈ రెంటికీ పోటీ ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. అమ్మకి చేతికి ఫిస్టులా (మిషన్‌కి రక్తం తీయడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) వేశారా, మెడ దగ్గర గొట్టమా?

పాత పోస్టాఫీసు బాబాయ్

తల్లీ, నీకు విశ్వాసం లేకపోవడం కాదు. నీకు కలిగిన భయం న్యాయమైనది.

ఆయన చదివిన వచనం నిజమే. చెప్పిన అర్థమే తలకిందులైంది. కనబడే రుజువు లేకుండా దేవుణ్ణి నమ్మడం విశ్వాసం అన్నారు కదా, మరి మిషన్ మానేసి చూడమనడం ఏమిటి? ఆ "చూడమనడం" ఉందే, అదే రుజువు అడగడం. మానేస్తాం, అమ్మ బతికి ఉంటే దేవుడున్నాడని తేలుతుంది అని పందెం కట్టడం. నిజంగా చూడకుండా నమ్మినవాడికి దేవుణ్ణి అలా పరీక్ష పెట్టే అవసరమే రాదు.

మత్తయి 4వ అధ్యాయం తీసి అమ్మ పక్కన కూర్చుని చదువు. సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, నువ్వు దేవుని కుమారుడివైతే కిందికి దూకు, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారని లేఖనంలోనే ఉంది కదా అన్నాడు. వాడు ఎత్తింది కీర్తనల్లో ఉన్న వచనమే. దానికి ప్రభువు ఇచ్చిన జవాబు, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు." ఆయన దూకలేదు. దూకనందుకు ఆయనకి తండ్రి మీద నమ్మకం లేదందామా?

గాజువాక బ్రదర్

ప్రైజ్ ద లార్డ్. నేను పెంతెకొస్తు సంఘంలో ఉంటాను. దేవుడు ఇప్పుడు కూడా స్వస్థపరుస్తాడని మనస్ఫూర్తిగా నమ్ముతాను. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగి దగ్గరికి సంఘ పెద్దలు వచ్చి, నూనె రాసి ప్రార్థన చేయాలని స్పష్టంగా ఉంది. మేం అది చేస్తాం, చేస్తూనే ఉంటాం. దయచేసి ఇక్కడెవరూ ప్రార్థనని తక్కువ చేసి మాట్లాడొద్దు.

కానీ సిస్టర్, ఆయన చెప్పింది వాక్యానుసారం కాదు. యేసు కుష్ఠరోగిని బాగు చేశాక, వెళ్లి యాజకుడికి చూపించుకో అన్నాడు. బాగైన మనిషిని కూడా చూపించుకోమన్నాడు! ఆ రోజుల్లో శుద్ధుడయ్యాడని చెప్పే అధికారం యాజకుడిది. ఇప్పుడు మీ అమ్మగారిని దేవుడు స్వస్థపరిస్తే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టులో తెలుస్తుంది, మిషన్ ఆపమని డాక్టరే చెబుతాడు. ఆ రోజు వచ్చేదాకా మిషన్ మీద పడుకునే దేవుణ్ణి స్తుతించమనండి.

హిజ్కియా రాజు సంగతి చూడండి. ఇంకో పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకి కట్టించాడు. వాగ్దానం ఉందని కట్టు మానలేదు.

నిర్వాహకులు

చర్చ బాగుంది, కొనసాగించండి. ఆ ప్రార్థన చేసిన వ్యక్తి పేరు గాని, సంఘం పేరు గాని ఎవరూ రాయొద్దు, అడగొద్దు. మందులు, డయాలసిస్ మానేయమనే సలహాలు ఈ వేదికలో ఉంచం.

ఏయూ కుర్రాడు

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా అడగాలనిపించి రాస్తున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు. అక్కా, మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలని నిజంగా కోరుకుంటున్నాను. డయాలసిస్ మాత్రం మానకండి.

నా సందేహం ఇది. జబ్బు నయమైతే దేవుడి మేలు అంటారు, నయం కాకపోతే దేవుడి చిత్తం అంటారు. ఏది జరిగినా నమ్మకం అలాగే ఉంటుంది. ఏం జరిగితే "మేం నమ్మింది తప్పు" అంటారో చెప్పలేనప్పుడు, ఆ కూటానికి వచ్చినాయన నమ్మకానికీ మీ నమ్మకానికీ తేడా ఎలా తెలుస్తుంది? కనబడనిదాన్ని నమ్మడం మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలి?

పాత పోస్టాఫీసు బాబాయ్

బాబూ, మంచి ప్రశ్న. నేను పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసిన పనితోనే చెబుతాను.

బయటి దేశం నుంచి ఓడ వస్తుంది. కెప్టెన్ విశాఖ ఎప్పుడూ చూడలేదనుకో. లోపలి హార్బర్‌కి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు కాలువలో రావాలి. అందుకే మన పోర్టు పైలట్ పడవలో ఎదురెళ్లి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. ఇంజను తగ్గించు, ఇటు తిప్పు, అటు తిప్పు అని ఆయన చెబుతుంటే ఓడ ఆ మాట ప్రకారం నడుస్తుంది. నీటి అడుగున ఎక్కడ లోతుందో, ఎక్కడ మేట వేసిందో కెప్టెన్ కంటికి కనబడదు. అయినా అంత పెద్ద ఓడని ఆ మాట మీద ముందుకి పోనిస్తాడు.

మా విశ్వాసం అలాంటిది. దారి కనబడకపోయినా దారి తెలిసినవాడి మాట మీద నడవడం.

ఏయూ కుర్రాడు

బాబాయ్ గారూ, ఆ పైలట్‌కి లైసెన్సు ఉంది. పోర్టు ఆఫీసు పంపితే వచ్చాడు. రోజూ ఓడలు క్షేమంగా లోపలికి వస్తున్నాయి. అంటే కెప్టెన్ దగ్గర రుజువు ఉన్నట్టే కదా?

పాత పోస్టాఫీసు బాబాయ్

అవును, ఉంది. అది వచ్చినవాడెవరో చెప్పే రుజువు. నీటి అడుగున ఏముందో చెప్పే రుజువు మాత్రం కాదు. మేం కూడా ఊరూ పేరూ తెలియనివాడి వెంట కళ్లు మూసుకుని పోవడం లేదు. అపొస్తలుడైన పౌలు చెరసాల నుంచి తన శిష్యుడు తిమోతికి రాసిన మాట, "నేను నమ్మినవాని ఎరుగుదును." తనకి విడుదల దొరుకుతుందని రాయలేదు. ఆ పత్రికలోనే తన ప్రయాణం ముగిసిపోతోందని కూడా రాశాడు. రేపేమవుతుందో తెలుసని అనలేదు, ఎవరిని నమ్మాడో తెలుసన్నాడు.

పాత పుస్తకాల పిచ్చి

ఏయూ తమ్ముడి ప్రశ్నలో ఇంకో సగం మిగిలింది. ఏం జరిగితే తప్పని ఒప్పుకుంటారు అన్నాడు. దానికి పౌలే జవాబిచ్చాడు, అదీ చాలా గట్టిగా. 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో, క్రీస్తు చావు నుంచి లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని రాశాడు. అంతటితో ఆగకుండా, లేచిన ప్రభువుని ఐదు వందల మందికి పైగా ఒక్కసారే చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని చెప్పాడు. అడిగి తెలుసుకునే వీలుండగానే రాసిన మాట అది. నమ్మకం మొత్తాన్నీ ఒక్క సంగతి మీద నిలబెట్టి, అది కూలితే అంతా కూలుతుందని ఒప్పుకున్నాడు. ఆ సాక్ష్యం నీకు చాలదని నువ్వు అనొచ్చు. అక్కడ మన దారులు వేరవుతాయి, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఏది పడితే అది నమ్మమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

యేసు శిష్యుడు తోమా విషయం కూడా చెప్పాలి. మన సంఘాల్లో "అవిశ్వాసి తోమా" అని ఆయన్ని తేలిగ్గా తీసేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. ప్రభువు లేచాడని మిగతావాళ్లు చెబితే, ఆయన గాయాలు చూస్తే గాని నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత కూడా మిగతా శిష్యులతోనే ఉన్నాడు, వాళ్లు వెళ్లగొట్టలేదు. ప్రభువు వచ్చి నేరుగా ఆయనతోనే మాట్లాడాడు, చేతులు చూపించాడు. ఆ తర్వాతే "చూడక నమ్మినవారు ధన్యులు" అన్నాడు. ఆ తోమానే క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని, మైలాపూర్ దగ్గర ప్రాణం ఇచ్చాడని మన దేశపు క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది.

మన ఊరి సంగతి ఒకటి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని లండన్ మిషన్ వాళ్లిద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ చనిపోయాడు. మరుసటి ఏడాది డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. వాళ్లు పనిచేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూర్‌లో అచ్చయి వచ్చింది 1812లో. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. హెబ్రీ 11లో మొదటి వచనం ఒక్కటే చదివి ఆపేస్తున్నారు గాని, 13వ వచనం దాకా వెళ్తే వీళ్లలాంటివాళ్లే కనిపిస్తారు. "వీరందరు ఆ వాగ్దానముల ఫలము అనుభవింపక పోయినను, దూరమునుండి చూచి వందనముచేసి" అని ఉంది. కోరింది చేతికి అందకుండానే పోయినవాళ్లని ఆ అధ్యాయం విశ్వాసవీరులు అంటోంది.

కంచరపాలెం

నాది చిన్న మాట. హుద్‌హుద్ తుఫాను వచ్చింది ఆదివారం, 2014 అక్టోబరు 12. మా వీధిలో మోకాళ్ల మీద ప్రార్థన చేసినవాళ్ల రేకులూ ఎగిరిపోయాయి, చెయ్యనివాళ్ల రేకులూ ఎగిరిపోయాయి. తర్వాత కరెంటు లేని రోజుల్లో మా పాస్టర్ గారు కొవ్వొత్తి వెలుగులో దానియేలు 3వ అధ్యాయం చదివారు. మా దేవుడు మమ్మల్ని అగ్నిగుండం నుంచి తప్పించగలడు, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" నీ బొమ్మకి మొక్కం అని, మొక్కకపోతే అగ్నిలో వేయిస్తానన్న రాజుతో ముగ్గురు యూదులు అన్నమాట. ఇల్లు పోయిన మా అత్త ఆ రోజు నుంచి ప్రార్థనలో ఆ మాట వదల్లేదు.

రాస్ హిల్ ఆంటీ

అమ్మాయీ, మేం కథోలికులం. ఏటా డిసెంబరు 8న రాస్ హిల్ మీద మరియమ్మ పండుగకి మెట్లెక్కుతాను. మోకాళ్లు నొప్పి పుడతాయి, నొప్పితోనే ఎక్కుతాను.

మీరంతా జబ్బు గురించే రాస్తున్నారు. నాకు అంతకంటే కష్టమైనది ప్రార్థనలో ఏమీ తెలియకపోవడం. మా ఆయన పోయాక చాలాకాలం జపమాల పట్టుకుని కూర్చుంటే గోడతో మాట్లాడుతున్నట్టే ఉండేది. పాపమేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు. తర్వాత మదర్ తెరెసా రాసుకున్న ఉత్తరాల గురించి మా ఫాదర్ ప్రసంగంలో విన్నాను. ఆవిడ 1997లో చనిపోయారు, ఆ ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. దేవుడు తనకి కనబడడం లేదని, లోపలంతా చీకటిగా ఉందని దాదాపు యాభై ఏళ్ల పాటు తన గురువులకి రాస్తూ వచ్చారట. ఆ యాభై ఏళ్లూ తెల్లారుజామున లేచి ప్రార్థనకి వెళ్తూనే ఉన్నారు, రోడ్డు మీద పడి ఉన్నవాళ్లని ఎత్తుకొస్తూనే ఉన్నారు.

అది విన్నాక నా భయం తగ్గింది. మనసుకి ఏమీ తెలియకపోవడం అవిశ్వాసం కాదు. మీ అమ్మకి ఈ మాట చెప్పు. స్వస్థత కనబడకపోతే తనలోనే ఏదో లోపం ఉందని ఆవిడ కుమిలిపోకూడదు. ఆ కూటంలో ఆయన చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. జబ్బుతో ఉన్న మనిషి మీద ఇంకో బరువు వేసి పోయారు.

గాజువాక బ్రదర్

ఆంటీ గారితో ఏకీభవిస్తున్నాను. మా స్వస్థత కూటాల్లో కూడా ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. పౌలు తన ఒంట్లో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. దేవుడు తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్నాడు. పౌలుకి విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు? తనతో కలిసి పనిచేసిన త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. సిస్టర్, అమ్మగారు ఏమంటున్నారు?

మధురవాడ అమ్మాయి

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

షిఫ్ట్ సిస్టర్ అక్కా, అమ్మకి ఎడమ చేతికి ఫిస్టులా. రోజూ పొద్దున్నే లేవగానే కుడిచేతి వేళ్లు దాని మీద పెట్టి చూసుకుంటుంది, లోపల జుమ్మని అదురు తగలాలని నేర్పారట. అది తగిలాక "స్తోత్రం తండ్రీ" అనుకుని అప్పుడు మంచం దిగుతుంది. మీరు మిషన్ ఆన్ చేసే ముందు ప్రార్థన చేస్తారని రాశారు కదా, అది చదివితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత బాబాయ్ గారు రాసింది మొత్తం చదివించుకుంది. మత్తయి 4 నేను చదివాను. యేసు దూకలేదు అన్న దగ్గర ఆపమంది. "మరి నానెందుకు దూకాలి? ఆయనున్నాడని నాకు తెలీదేటి, మిషన్ మానేసి తెలుసుకోడానికి" అంది. ఈ రోజు షిఫ్టుకి తనే ముందు తయారై కూర్చుంది.

ఏయూ తమ్ముడూ, నీ ప్రశ్న కూడా అమ్మకి చదివి వినిపించాను. "ఆ అబ్బాయికి జవాబు నాకు తెలీదు. నా కోసం మంచి కోరుకున్నాడు, వాడి చదువు కోసం నేను ప్రార్థన చేస్తానని చెప్పు" అంది.

నా సంగతి కూడా చెబుతాను. నాకు ఇంకా భయం పోలేదు. అమ్మ బాగుపడుతుందో లేదో తెలియదు. మార్కు సువార్తలో జబ్బు కొడుకుని తెచ్చుకున్న తండ్రి అన్న మాటే నా ప్రార్థన ఇప్పుడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ రెండూ ఒకే నోటితో అన్నా ప్రభువు ఆ పిల్లాడిని బాగు చేశాడు కదా.

ఏయూ కుర్రాడు

అమ్మగారికి థాంక్స్ చెప్పండి అక్కా. బాబాయ్ గారి మాటలతో నేను పూర్తిగా ఒప్పుకోలేదు, సాక్ష్యం ఎంత ఉంటే చాలు అన్న దగ్గరే నా ఆలోచన ఆగింది. కానీ మానేసి చూడడం రుజువు అడగడమే అన్న మాట నాకు కొత్త. విశ్వాసం అంటే అలాంటి సాహసమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

షిఫ్ట్ సిస్టర్

మంచి మాట చెప్పావు చెల్లీ. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, బరువు మోయనివ్వొద్దు. ఏ రోజైనా ఆ అదురు తగలకపోతే తర్వాతి షిఫ్టు దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేసి వెళ్లండి.

ఇంకోటి. పరామర్శకి వచ్చే విశ్వాసులు ప్రేమతో కొబ్బరి బొండాలు, అరటిపళ్లు తెస్తారు. రెంటిలోనూ పొటాషియం ఎక్కువ. అమ్మ మొహమాటపడుతుంది, నువ్వే ముందుగా చెప్పెయ్.

గాజువాక బ్రదర్

సిస్టర్, అభ్యంతరం లేకపోతే మా పాస్టర్ గారిని తీసుకుని ఒకసారి వస్తాం. నూనె రాసి ప్రార్థన చేస్తాం, మిషన్ మానమని అనం. ఆ కూటానికి వచ్చినాయన కూడా ఉంటే మంచిది. నలుగురిలో అవమానించకుండా, వాక్యం తెరిచి మాట్లాడదాం. మీ వీధిలో ఇంకెవరికైనా ఆయన ఇదే మాట చెప్పి ఉండొచ్చు.

మధురవాడ అమ్మాయి

రండి అన్నయ్యా. గురువారం సాయంత్రం అయితే అమ్మకి డయాలసిస్ ఉండదు, కాస్త ఓపికగా ఉంటుంది. మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన షుగర్ ఇంజెక్షన్లు మానేశారని ఈ రోజే తెలిసింది, ఆయన్ని కూడా రమ్మంటాను. అడ్రస్ విడిగా మెసేజ్‌లో పంపుతున్నాను.